కోతకూ బస్తాకూ మధ్య గంటలు: ఒక వరి సాగు సమాజపు కోతల కాలంపై కేస్ స్టడీ

ఈ కేసు వరి పండించే ఒక ఊరిది. సుమారు నలభై కుటుంబాలు, చాలావరకు చిన్న కమతాలు, అన్నీ కలిపి వంద ఎకరాలకు అటూ ఇటూగా సాగు. అందరికీ ఉమ్మడిగా 600 చదరపు మీటర్ల సిమెంటు కల్లం ఒకటి, కోతల రోజుల్లో అద్దెకు వచ్చే కోత యంత్రం ఒకటి, ధాన్యం మోసే ట్రాక్టరు ట్రక్కులు రెండు ఉన్నాయి. పంట కోసిన తర్వాత జరిగే నష్టాల మీద పనిచేసే సలహాదారుగా నన్ను అక్కడి రైతులు పిలిచారు. వరుసగా రెండు పంటల నుంచి ధాన్యం మర ఆడిస్తే నూక ఎక్కువగా పడుతోందని, కొన్ని బస్తాల బియ్యం పసుపు తిరుగుతున్నాయని, తేమ ఎక్కువుందంటూ కొనేవారు సరుకు వెనక్కి పంపుతున్నారని వారి ఫిర్యాదు. కారణాన్ని కూడా వారే తేల్చి పెట్టారు.

“చేత్తో కోసినన్నాళ్లూ ఈ నూక లేదమ్మా. అదే విత్తనం, అదే నేల. మిషను దిగినప్పటి నుంచే గింజ విరుగుతోంది” అని వారిలో పెద్దవయసు రైతు ఒకాయన అన్నారు. మిగతావారు ఆ మాటకు తలూపారు.

ఆ అనుమానం కొట్టిపారేయదగినది కాదు. నూర్పిడి డ్రమ్ము ఉండవలసిన దానికన్నా వేగంగా తిరిగినా, డ్రమ్ముకూ దాని కింది జల్లెడకూ మధ్య ఎడం మరీ తక్కువైనా గింజ పొట్టు ఊడి, నలిగి, విరుగుతుంది. అందువల్ల మొదటి రోజంతా యంత్రం వెనకే తిరిగాను. ప్రతి పొలంలోనూ యంత్రపు ట్యాంకు నుంచి దోసెడు గింజలు తీసి, గుడ్డ మీద పరిచి, పొట్టు ఊడినవి, ముక్కలైనవి ఏరి చూశాను. అవి అక్కడక్కడ ఉన్నాయి గాని ఫిర్యాదుకు తగినన్ని లేవు. తర్వాత దీపం పరీక్ష చేశాను. కొన్ని గింజలను చేత్తోనే నలిపి పొట్టు తీసి, గాజు పలక మీద ఉంచి, కింద నుంచి టార్చి వెలుతురు పెడితే మంచి గింజ అంతటా ఒకే తీరుగా, పలుచని పొగమంచు కమ్మినట్టు కనిపిస్తుంది. పగిలిన గింజలో ఆ మంచుకు అడ్డంగా వెంట్రుకవాసి గీత ఒకటి ఉంటుంది. చేత్తో తాకితే తెలియని ఆ గీత దగ్గరే మరలో గింజ రెండు ముక్కలవుతుంది. ట్యాంకులోని గింజల్లో ఆ గీతలు అరుదు. అదే పొలం ధాన్యాన్ని నాలుగు రోజుల తర్వాత బస్తాలో నుంచి తీసి చూస్తే, పలక మీద ఎటు చూసినా గీతలే.

అంటే గింజ పగులుతున్నది యంత్రంలో కాదు, యంత్రం వదిలిన తర్వాత, బస్తా మూతి కుట్టేలోపు ఎక్కడో. ఆ ఎక్కడో అన్నదాన్ని వెతకడమే ఈ కేసులో అసలు పని అయింది.

నీరు ఎటు పోతోంది

కంకిలో నూటికి ఎనభై, ఎనభై అయిదు గింజలు గడ్డిరంగుకు తిరిగినప్పుడు, గింజలో తేమ 20 నుంచి 25 శాతం మధ్య ఉండగా వరి కోయడం మేలు. కొన్ని నెలలు నిల్వ ఉండాలంటే ఆ తేమ 14 శాతానికి దిగాలి. 22 శాతం తేమతో వచ్చిన 1,000 కిలోల ధాన్యం 14 శాతానికి ఆరితే 907 కిలోలే తూగుతుంది. మిగిలిన 93 కిలోలూ నీరే. ఆ నీటిని ఎండా గాలీ మనుషుల చేతులూ కలిసి బయటికి పంపాలి. పంపడం ఆలస్యమైతే ఒక నష్టం, పంపిన నీటిని మళ్లీ లోపలికి రానిస్తే ఇంకో నష్టం. ఈ రెండూ వేర్వేరు నష్టాలని రైతులకు విడదీసి చెప్పడానికి నాకు చాలా సమయం పట్టింది.

మొదటిది కుప్పలో జరుగుతుంది. పచ్చి గింజ ఊపిరి తీస్తూనే ఉంటుంది. తనలోని పిండిపదార్థాన్ని కరిగించుకుంటూ వేడినీ తేమనూ వదులుతుంది. ఆ వేడి కుప్ప మధ్యలో నుంచి బయటికి పోలేక గింజను ఇంకా వేగంగా ఊపిరి తీయిస్తుంది, బూజుకు తావిస్తుంది, బియ్యాన్ని పసుపు తిప్పుతుంది. కోసిన 24 గంటల్లోపు ఆరబెట్టడం మొదలుపెట్టాలని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెప్పేది ఇందుకే. రెండవది ఆరిన గింజకు జరుగుతుంది. సుమారు 15 శాతం కన్నా కిందికి దిగిన గింజ మీద మంచో, వాననీరో, పక్కనున్న పచ్చి గింజ నెమ్మో తగిలితే పైపొర నీరు పీల్చి ఉబ్బుతుంది, లోపలి భాగం ఎండి ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ లాగుడుకు గింజ అడ్డంగా పగులుతుంది. నూకకు మూలం ఈ రెండవ నష్టం. పసుపు తిరగడానికి మూలం మొదటిది. ఊరిలో రెండూ ఒకేసారి కనిపించడంతో రెండింటికీ కలిపి యంత్రాన్నే తప్పుపట్టారు.

ఆరు రోజుల గంటల పుస్తకం

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో పండిన ఆహారంలో సుమారు 14 శాతం, కోత తర్వాత చిల్లర అంగడికి చేరకముందే పోతోంది. ఇలాంటి అంకె సమస్య ఎంత పెద్దదో చెబుతుంది గాని, ఒక ఊరిలో అది ఏ గంటలో పోతోందో చెప్పదు. అందుకని మామూలు నోటు పుస్తకం ఒకటి తీసుకుని, ప్రతి ట్రక్కుకూ ఒక వరుస కేటాయించి, కోసిన గంట, ట్రక్కు నిండిన గంట, కల్లంలో దించిన గంట, పలుచగా పరిచిన గంట, రాశి పోసిన గంట, బస్తాకెత్తిన గంట రాయడం మొదలుపెట్టాను. ప్రతి మజిలీలోనూ తేమ మీటరుతో మూడు చోట్ల కొలిచాను. మూడో రోజు నుంచి దాని ఎదుటి పేజీలో మనుషుల గంటలు కూడా రాశాను: ఏ వేళకు కల్లంలో ఎంతమంది ఉన్నారు, ఎవరు, ఏం చేస్తున్నారు. ఈ రెండో పేజీ రాయకపోయి ఉంటే ఈ కేసు తేలేది కాదని ఇప్పుడు కూడా అనుకుంటున్నాను.

కోతల్లో ఆ ఊరికి తెల్లవారుజాము నాలుగింటికే తెల్లవారుతుంది. పొయ్యిలు వెలుగుతాయి, పశువుల పని అవుతుంది, బడికి పోవలసిన పిల్లలకు తలలు దువ్వుతూనే ఆడవాళ్లు పొలానికి పోయే గిన్నెలు కట్టి ఉంచుతారు. ఏడింటికి యంత్రం గట్టెక్కి ఎదురుచూస్తుంది. మంచు ఆరకుండా కోస్తే తడి గడ్డి డ్రమ్ముకు చుట్టుకుంటుంది కాబట్టి డ్రైవరు కంకులను పిడికిట్లో పట్టి నలిపి చూసి, ఎనిమిదిన్నరకో తొమ్మిదికో మొదలుపెడతాడు. అక్కడి నుంచి చీకటి పడేదాకా, ఒక్కోసారి దీపాలు వేసుకుని తొమ్మిదింటిదాకా కోత ఆగదు. యంత్రానికి అద్దె గంటల లెక్క. అది ఆగిన ప్రతి నిమిషం పొలం యజమాని గుండె మీద కూర్చుంటుంది.

పుస్తకంలో మొదట బయటపడింది లెక్కే. గింజను మూడు సెంటీమీటర్ల మందాన పరిస్తేనే ఎండ అడుగుదాకా దిగుతుంది. ఆ మందంలో వంద చదరపు మీటర్లకు సుమారు 1,700 కిలోల ధాన్యం పడుతుంది. అంటే వారి కల్లం మొత్తానికి పది టన్నులు. మంచి ఎండ రోజులు రెండు ఉంటే అది 14 శాతానికి వస్తుంది. యంత్రమేమో సాఫీగా నడిచిన రోజున పది ఎకరాలు కోస్తోంది. ఎకరానికి రెండు టన్నుల లెక్కన రోజుకు 20 టన్నులు. యంత్రం ఒక్కరోజు పని కల్లానికి నాలుగు రోజుల పని. ఆ తేడాను ఊరు ఎలా సర్దుకుంటోందో కల్లంలో నిలబడితే తెలిసింది: పది సెంటీమీటర్లకు పైగా మందాన పోస్తున్నారు. మధ్యాహ్నం నేను చెప్పులు విడిచి ఆ ధాన్యంలోకి దిగితే చీలమండ దాకా దిగబడ్డాను. పాదం పైభాగం కాలిపోతోంది, వేళ్ల కింద మాత్రం గింజ చల్లగా, చెమ్మగా ఉంది. పైన 13 శాతం, అడుగున 20. ఈ రెండింటినీ కలిపి సంచిలోకెత్తి మీటరు పెడితే సగటున 16 చూపుతుంది. ఆ సగటు అంకె గల గింజ ఆ కల్లంలో ఒక్కటీ లేదు. ఆ రాత్రే ఎండిన గింజ పచ్చి గింజ దగ్గర నెమ్ము తాగుతుంది, పగులుతుంది.

రెండవ పేజీ చూపింది ఇంకా ముఖ్యమైనది. పరిచిన ధాన్యాన్ని అరగంటకోసారి తిప్పాలి. ఆ ఊరిలో తిప్పే పని ఆడవాళ్లది, కాళ్లతో చాళ్లు తీస్తూ, చెక్క పలకకు కర్ర తగిలించిన దాంతో లాగుతూ తిప్పుతారు. ఎండ బాగా కాసి గాలి పొడిగా ఉండే వేళ పదకొండు నుంచి రెండున్నర. సరిగ్గా ఆ వేళకే నా పుస్తకంలో కల్లం ఎదురుగా రాసిన ప్రతి రోజూ “ఎవరూ లేరు”, “ఒక ముసలమ్మ”, “ఎవరూ లేరు” అని ఉంది. కారణం అడగనక్కరలేదు. పొలంలో యంత్రం వెనక ఉన్నవాళ్లకూ ట్రక్కుల వాళ్లకూ గట్ల మీద మిగులు కోసే కూలీలకూ వండి, మోసుకెళ్లి, పెట్టి, గిన్నెలు తెచ్చి కడిగేది ఆ ఆడవాళ్లే. సాయంత్రం అయిదింటికి రాశి పోసి కప్పవలసిన ధాన్యం ఎనిమిదింటిదాకా పరచుకునే ఉంటోంది, ఎందుకంటే రాశి ఎత్తే మగవాళ్లు యంత్రం ఆగేదాకా పొలంలోనే ఉంటున్నారు. పగలంతా ఎండిన పైపొర మీద మంచు పడుతోంది.

ఇక్కడ ఆ పెద్దాయన మాటకు తిరిగి రావాలి. పాత రోజుల్లో నూక లేదని ఆయన చెప్పింది నిజం. చేత్తో కోసినప్పుడు పంటను పనల మీద రెండు మూడు రోజులు ఆరనిచ్చి, కట్టలు కట్టి, కుప్ప వేసి, తీరిక చూసి నూర్చేవారు. కల్లానికి వచ్చేసరికే గింజ సగం పైగా ఆరి ఉండేది, అదీ రోజుకు కొంచెం చొప్పున వచ్చేది. ఆ పద్ధతిలోనూ పనల మీద వాన పడితే మొలక వచ్చేది, మోతలో గింజ రాలేది; దాన్ని మళ్లీ తేవాలని నేను అనడం లేదు. యంత్రం గింజను విరగ్గొట్టలేదు, గింజ తనంతట తాను ఆరే మూడు రోజులను తీసేసింది. ఊరి దినచర్య మాత్రం ఆ మూడు రోజులు ఇంకా ఉన్నట్టే నడుస్తోంది. వంట వేళలు, కల్లం పని, రాశి ఎత్తే వేళ, ఎవరి పని ఎవరిదన్న వాటా, ఇవన్నీ చేతి కోతకు తగినట్టు కుదిరినవి. నేను ఈ సంగతి చెప్పినప్పుడు పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే మిషను వల్లే గదమ్మా” అన్నారు. ఒక విధంగా ఆయన చెప్పిందే సరైనది.

మార్చినవి

ఆరబెట్టే యంత్రం కొనమని సలహా ఇవ్వడం తేలిక. ఆ ఏడాదికి అది వారి చేతిలో లేనిది, కోతలు అప్పటికే మొదలయ్యాయి కూడా. మిగిలింది గంటలను సర్దడమే.

మొదట యంత్రం సంగతి. పొరుగూరి రైతులతో మాట్లాడి యంత్రాన్ని రోజు మార్చి రోజు పంచుకున్నారు. పది రోజుల కోత ఇరవై రోజులకు సాగింది. నాట్లు రెండున్నర వారాల పాటు పడి ఉండడంతో పంట ముదిరిపోతుందన్న భయం చాలా పొలాలకు లేదు; వరుసను కూడా ఎవరి పలుకుబడిని బట్టి కాక పొట్ట ఈనిన తేదీని బట్టి తిరిగి రాశాము. సగటున రోజుకు పది టన్నులు వస్తుంటే, అయిదు టన్నులు కల్లానికి, మిగతా అయిదు పరదాల మీదికి అని అనుకున్నాము. అయిదు మీటర్లకు ఆరు మీటర్ల పరదాలు ఇరవై ఉంటే ఇంకో కల్లమంత చోటు. ఇద్దరికొకటి చొప్పున తెచ్చుకుని కోసిన పొలాల్లో ఎత్తుగా, పొడిగా ఉన్నచోట పరిచారు. రోడ్డు మీద ఆరబోస్తామని కొందరు అన్నారు. దానికి నేను ఒప్పుకోలేదు. చక్రాల కింద గింజ నలుగుతుంది, రాళ్లు కలుస్తాయి, అన్నిటికన్నా ముఖ్యంగా చీకట్లో ఆ రాశులకు బండి తగిలి మనుషులు పడతారు. ధాన్యం నష్టం తగ్గించడానికి పిలిపించుకున్న మనిషి ప్రాణనష్టానికి దారి చూపకూడదు.

వంట సంగతి కష్టమైనది. ఆడవాళ్లతో కూర్చున్న రోజున, ధాన్యం మందం, అరగంట లెక్క అన్నీ వివరించాక వారిలో ఒకామె అన్న మాటను అలాగే రాసుకున్నాను: “తిప్పమంటే తిప్పుతాం మేడం, మాకు రాదా ఏం? పొలంలో ఇరవై మందికి వేళకు అన్నం అందకపోతే మాట పడేది మేమే. ఆ మాట ఎవరు ఆపుతారో చెప్పండి.” అంతవరకు నేను దాన్ని ధాన్యం సమస్యగానే చూస్తున్నాను. ఆమె దాన్ని ఉన్నచోట పెట్టింది. ఆ సాయంత్రమే మగవాళ్లను కూడా కూర్చోబెట్టి అదే మాటను ఆమె చేతే చెప్పించాను. రెండు రోజుల వాదులాట తర్వాత కుదిరిన ఏర్పాటు ఇది: కోత ఉన్న రోజున ఇళ్ల లెక్కన కాక కోత ముఠా అందరికీ కలిపి ఒకేచోట వంట, రోజుకు నలుగురు వంతున, వండినదాన్ని ఎవరూ పొలానికి మోయరు, పొలంలోని వాళ్లు రెండు జట్లుగా కల్లం పక్కన చెట్టు నీడకు వచ్చి తిని పోతారు, తినకముందు ఒకసారి, తిన్నాక ఒకసారి వాళ్లే ధాన్యం తిప్పిపోతారు. నాలుగున్నరకు యంత్రం దగ్గర నుంచి ఆరుగురు కల్లానికి వచ్చేస్తారు. కల్లం నిండిన రోజున యంత్రం ఎక్కడుంటే అక్కడ ఆగుతుంది. గంటల అద్దె పోతుందని డ్రైవరు గట్టిగానే అభ్యంతరం చెప్పాడు. ఆ గంటలు పొరుగూరిలో పడేట్టు మాట్లాడాక ఊరుకున్నాడు. మూడో రోజు రాత్రి, ఆ సీజనులో మొదటిసారి ఆరు గంటలు నిద్రపోయానని అతడే వచ్చి చెప్పాడు. దీపాల వెలుతురులో, నిద్ర చాలని మనిషి చేతిలో ఆ యంత్రం ఎంత ప్రమాదమో తెలిసినదాన్ని కనుక ఆ మాట నాకు ధాన్యం లెక్క కన్నా ఊరట ఇచ్చింది.

మిట్టమధ్యాహ్నం సిమెంటు నేల మీద పనంటే ఇంకో ప్రమాదాన్ని నేనే తెచ్చినట్టు. అందువల్ల ఒక్కొక్కరు ఇరవై నిమిషాలకు మించి ఎండలో ఉండకూడదని, ఆ ఇరవై నిమిషాలకోసారి గ్లాసుడు నీళ్లు దాహం లేకపోయినా తాగాలని కట్టుదిట్టం చేశాము. కొత్తగా పనిలోకి దిగినవారి విషయంలో ఇంకా జాగ్రత్త పడ్డాము. ఎండకు అలవాటు లేని శరీరానికి మొదటి రోజు మామూలు పనిలో అయిదో వంతే ఇచ్చి, రోజుకు అంతే చొప్పున పెంచాలన్నది వృత్తి ఆరోగ్య నిపుణులు చెప్పే నియమం. చదువు కోసం బయట ఉండి కోతలకని వచ్చిన ఒక కుర్రవాడు మొదటి మధ్యాహ్నమే కళ్లు తిరిగి రాశి మీద కూలబడ్డాడు. నీడకు చేర్చి, తడిగుడ్డలతో చల్లబరిచి, నీళ్లు పట్టాక గంటలో తేరుకున్నాడు. మాట తడబడినా, స్పృహ తప్పినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలని ఆ రోజే అందరికీ చెప్పాను. అది ముందే చెప్పి ఉండవలసింది.

నా తప్పు ఒకటి, పరదా చేసిన తప్పు ఒకటి

రెండో వారంలో ఒక మధ్యాహ్నం మూడింటికి ఒక కుటుంబం ధాన్యానికి మీటరు పెట్టి 13.5 చూసి, బస్తాలకెత్తుకోవచ్చని చెప్పాను. పక్కనే ఉన్న పెద్దాయన రెండు గింజలు పంటికింద వేసుకుని, “ఇంకా మెత్తగా ఉందమ్మా, పొద్దున చూద్దాం” అన్నారు. అంకె నా చేతిలో ఉంది కనుక నేను వినలేదు. మూడు రోజుల తర్వాత ఆ బస్తాల్లోకి మోచేతిదాకా చెయ్యి పెడితే లోపల గోరువెచ్చగా తగిలింది. చెయ్యి తీసి వాసన చూస్తే ముక్కిన వాసన సన్నగా మొదలైంది. ఎండలో కాలుతున్న గింజకు పైన పొడిగా ఉంటుంది, లోపలి నీరు ఇంకా పైకి రాలేదు. పైగా వేడి గింజ మీద మీటరు నిజం చెప్పదు. చల్లారనిచ్చి, కాసేపు రాశిలో మగ్గనిచ్చి అప్పుడు కొలవాలని ఎంతోమందికి పాఠం చెప్పినదాన్ని, ఆ రోజు ట్రక్కు ఎదురుచూస్తోందని తొందరపడ్డాను. ఆ బస్తాలన్నీ విప్పి మళ్లీ ఆరబోయడానికి ఆ ఇంటి భార్యాభర్తలకు ఒక రోజు పట్టింది, నేనూ వారితో ఉన్నాను. ఆ తర్వాత పెద్దాయన పంటిని, నా మీటరును పక్కపక్కన పెట్టి పోల్చుకున్నాము. చల్లని గింజ మీద ఆయన చెప్పే అంచనా మీటరుకు ఒక శాతం అటూ ఇటూగానే ఉంటూ వచ్చింది. ఆనాటి నుంచి ఇద్దరం ఒప్పుకుంటేనే బస్తా కుట్టాలన్నది నియమం.

రెండోది వాన వచ్చేట్టున్న ఒక సాయంత్రం జరిగింది. మబ్బు కమ్మగానే వేడి వేడి ధాన్యాన్ని రాశి పోసి, పై నుంచి ప్లాస్టిక్ పరదా బిగించి, అంచులకు రాళ్లు పెట్టి అందరూ తృప్తిగా ఇళ్లకు పోయారు. వాన రాలేదు. తెల్లవారి పరదా ఎత్తితే దాని లోపలి వైపు నిండా నీటి చుక్కలు, రాశి పైపొర తడిసి చేతికి అంటుకుంటోంది. రాశి వదిలిన ఆవిరి చల్లని పరదాకు తగిలి నీరై మళ్లీ గింజ మీదే పడింది. వానకు భయపడి కప్పిన పరదా కిందే వాన కురిసింది. మరునాటి నుంచి వ్యవధి ఉంటే గింజను చల్లారనిచ్చి, లేకపోతే రాశికీ పరదాకూ మధ్య ఖాళీ గోనెసంచులో ఎండుగడ్డో వేసి కప్పడం అలవాటు చేశారు. గోనె తడిసింది, గింజ తడవలేదు.

విత్తనానికి ఉంచుకునే ధాన్యాన్ని వేరే పరదా మీద, మిట్టమధ్యాహ్నం నీడ కప్పి ఆరబెట్టించాము. తిండిగింజ ఓర్చుకునే వేడిని విత్తనం ఓర్చుకోదు, గింజ వేడి 43 డిగ్రీల సెల్సియస్ దాటితే మొలక దెబ్బతింటుంది. వారిలో చాలామందికి ఇది తెలుసు.

ఏమి మారింది, ఏమి మారలేదు

ఒక్క పంట కాలపు అనుభవాన్ని శాతాల్లో చెప్పడం సరికాదు. వాతావరణం కలిసివచ్చిన రోజులు ఎన్నో, మా ఏర్పాటు పనిచేసిన రోజులు ఎన్నో విడదీయడం సాధ్యం కాదు. చూసినది చెప్పగలను. మూడో వారంలో బస్తాకెత్తిన ధాన్యాన్ని దీపం పలక మీద పరిస్తే గీతలున్న గింజలను వెతుక్కోవలసి వచ్చింది. పుస్తకంలో, ట్రక్కు దిగినప్పటి నుంచి పలుచగా పరిచేదాకా పట్టే వేళ మొదటి వారంలో రాత్రి దాటి మరునాటికి పోయేది. చివరి వారంలో ఎక్కువ వరుసల్లో అదే పూటలో ముగిసింది. వెనక్కి వచ్చిన ట్రక్కు లేదు. మధ్యాహ్నపు గంటల ఎదురుగా “ఎవరూ లేరు” అన్న మాట పుస్తకంలో మళ్లీ రాయలేదు.

వంట వంతు నాలుగో రోజునే ఒకసారి తెగిపోయింది. తమ వంతు రోజున ఇద్దరు రాలేకపోతే మిగిలిన ఇద్దరి మీద ఇరవై మంది భోజనం పడింది. ఆ రోజు అన్నం మూడింటికి గాని అందలేదు, మాటలు పడవలసినవే పడ్డాయి. ఆ తర్వాత వంతులో ఇద్దరు మగవాళ్లను కూడా చేర్చారు. నీళ్లు మోయడం, పొయ్యి దగ్గర కట్టెలు, పెద్ద గిన్నెలు దించడం వారి వాటా. ఇది నేను సూచించినది కాదు, ఆ రోజు మాట పడినవారే అడిగి సాధించుకున్నది.

చేతులు తక్కువున్న ఇళ్లకు ఈ ఏర్పాటు పూర్తిగా అందలేదు. భర్త లేక, చంటిబిడ్డతో ఉన్న ఒక రైతు తన పరదా దగ్గర అరగంటకోసారి నిలబడలేకపోయింది. పక్క పరదా వాళ్లు తమదానితో పాటు తిప్పిపోయేవారు గాని అది వారి మంచితనమే తప్ప ఏర్పాటు కాదు. వారు పొరుగూరి పనికి పోయిన రెండు రోజులూ ఆమె ధాన్యం అడుగున పచ్చిగానే ఉండిపోయింది. వచ్చే పంటకు పరదాలను ఇళ్ల లెక్కన కాక వరుస లెక్కన పరిచి, వరుసకొక మనిషిని పెట్టాలని ఆమే చెప్పింది. అలా చేస్తే సరిపోతుందని నాకూ అనిపిస్తోంది.

తేలనిది ఒకటుంది. ఊరికి దూరంగా, చివరి మడుల్లో ఒక కౌలు రైతు పొలం ఉంది. యంత్రం అక్కడికి పోవాలంటే ముందు మూడు పొలాలు కోసి ఉండాలి, వేరే దారి లేదు. ఈనిన తేదీని బట్టి ఆయన వంతు ఎనిమిదవది; దారి లేక పంతొమ్మిదవ రోజున గాని యంత్రం దిగలేదు. అప్పటికి గడ్డి విరిగి, గింజ రాలి, మొదళ్ల మధ్య నేల పచ్చగా మెరుస్తోంది. కోసిన వెంటనే ట్యాంకులోని గింజను దీపం మీద పెట్టి చూస్తే, కల్లం ముఖం చూడకముందే గీతలు పడి ఉన్నాయి: నిలువు పంటలోనే రాత్రి మంచుకు తడిసి, పగలు ఎండి, మళ్లీ తడిసిన గింజ అది. దానికి కల్లం గంటలు ఎంత సర్దినా లాభం లేదు. ముందున్న మూడు పొలాల్లో ఒకదాని అంచున యంత్రం వెడల్పు మేర తొందరగా ఈనే రకం నాటి, ముందే కోసి దారి ఇవ్వాలన్న మాట వచ్చింది. ఆ అంచు ఎవరి పొలంలో పోవాలి, ఆ మేరకు తగ్గే దిగుబడిని ఎవరు భరించాలి అన్నదాని మీద నేను బయల్దేరే రోజు పొద్దున కూడా కల్లం దగ్గర మాట్లాడుకుంటూనే ఉన్నారు. గంటల పుస్తకాన్ని ఆ కౌలు రైతు కూతురి చేతికిచ్చి వచ్చాను. నాట్లు వేసిన తేదీలు రాయడానికి మొదటి పేజీకి ముందు ఇంకో నాలుగు కాగితాలు కుట్టుకుంటానని ఆ పిల్ల చెప్పింది.